గుడ్ల కోళ్ల సంక్షేమ ప్రమాణాలను మెరుగుపరచడం: షెడ్డు కొలతల నుంచి కోడి ఒంటి దాకా

గుడ్ల కోళ్ల సంక్షేమాన్ని మెరుగుపరచాలని పూనుకున్న యజమాని సాధారణంగా ముందు టేపు పట్టుకుని షెడ్డు కొలుస్తాడు. ఒక్కో కోడికి ఎంత చోటు ఉంది, ఎన్ని గూళ్లు ఉన్నాయి, దాణా తొట్టి దగ్గర ఎన్ని సెంటీమీటర్లు దక్కుతున్నాయి అని లెక్క వేసుకుంటాడు. ఆ లెక్క తప్పకుండా కావలసిందే, అయితే దానితో సగం పనే అవుతుంది. ఒకే కొలతలతో, ఒకే రకం సామగ్రితో కట్టిన రెండు షెడ్లలో ఒకదానిలో కోళ్లు డెబ్బై వారాల వయసులో కూడా నిండు ఈకలతో తిరుగుతూ ఉండవచ్చు, పక్క షెడ్డులో అదే వయసుకు వీపులు బోడివై, తోక మొదళ్లు పుండ్లుపడి ఉండవచ్చు. కోడిపిల్లలను పెంచిన తీరు, లిట్టరును, అంటే నేల మీద పరిచే ఊక, పొట్టు వంటి పరుపును, పొడిగా నిలబెట్టిన శ్రద్ధ, వెలుతురు నడిపిన పద్ధతి, రోజూ షెడ్డులో నడిచే మనిషి చూపు ఎక్కడ ఆగుతుందన్న సంగతి ఈ తేడాకు కారణాలు. అందుకని షెడ్డుకు ఒక ప్రమాణం, కోడి ఒంటికి మరొక ప్రమాణం విడివిడిగా రాసుకుని, రెండూ విభేదించినప్పుడు కోడి ఒంటి మీద కనిపించేదాన్నే తుది తీర్పుగా తీసుకోవాలి.

కోడికి కావలసినవి ఏమిటి

1965లో బ్రిటన్‌లో బ్రాంబెల్ కమిటీ ఇచ్చిన నివేదిక, పెంపకంలో ఉన్న ప్రతి జంతువుకూ లేచి నిలబడడానికి, పడుకోవడానికి, వెనుదిరగడానికి, ఒళ్లు శుభ్రం చేసుకోవడానికి, కాళ్లూ రెక్కలూ చాచుకోవడానికి చోటు ఉండాలని చెప్పింది. అదే ఆలోచన 1979 నాటికి ఐదు స్వేచ్ఛలుగా స్థిరపడింది: ఆకలి దప్పుల నుంచి, అసౌకర్యం నుంచి, నొప్పి, గాయం, రోగాల నుంచి, భయం, వేదనల నుంచి విముక్తి, వాటితో పాటు సహజ ప్రవర్తనకు అవకాశం. మొదటి నాలుగింటిని ఏ పద్ధతిలో కోళ్లను పెంచేవారైనా తాము పాటిస్తున్నామనే అంటారు. పంజరాల పెంపకం తప్పనిసరిగా తడబడేది సహజ ప్రవర్తన దగ్గరే.

గుడ్లు పెట్టే పెట్టకు తప్పించలేని ప్రవర్తనలు నాలుగు ఉన్నాయి. గుడ్డు పెట్టబోయే ముందు గంటా రెండు గంటల పాటు చాటైన, కాస్త చీకటిగా ఉన్న చోటు కోసం అది వెతుకుతుంది; ఈ వెతుకులాట ఒంట్లో హార్మోన్ల వల్ల పుట్టేది కాబట్టి గూడు లేనంత మాత్రాన ఆగిపోదు, పంజరంలో అదే అటూ ఇటూ ఆపకుండా తిరిగే అలజడిగా బయటపడుతుంది. చీకటి పడగానే ఎత్తైన చోటు ఎక్కి కూర్చోవాలని చూస్తుంది. మేలుకుని ఉన్న సమయంలో చాలా భాగం కాళ్లతో నేల గీరుతూ, ముక్కుతో పొడుస్తూ మేత వెతకడంలో గడుపుతుంది. ఇక నాలుగోది మట్టిస్నానం. దాదాపు రెండు రోజులకొకసారి, ఎక్కువగా మధ్యాహ్నం వేళ, పొడి పొడిగా ఉన్న చోట పెట్ట ఒక పక్కకు ఒరిగి, ముక్కుతో పొట్టును దగ్గరికి లాక్కుని, రెక్కతో, కాలితో ఈకల సందుల్లోకి ఎగదోసుకుంటుంది. ఇరవై ముప్పై నిమిషాలు అలా పొర్లాక లేచి, ఒళ్లంతా ఒక్కసారి విదిలించి దుమ్ము రాలగొట్టుకుంటుంది. ఈకల మీద పాతబడిన నూనె, పేలు ఆ దుమ్ముతో పాటే పోతాయి. పొడి లిట్టరు లేని కోడి ఉత్త తీగల నేల మీద కూడా ఇవే కదలికలు చేస్తుంది. ఆ దృశ్యాన్ని ఒకసారి శ్రద్ధగా చూసినవారికి ఈ అవసరం ఎంత లోతైనదో వేరే చెప్పనక్కర్లేదు.

యూరోపియన్ యూనియన్ 1999లో చేసిన చట్టం మామూలు పంజరంలో కోడికి 550 చదరపు సెంటీమీటర్ల చోటును కనీస హద్దుగా పెట్టి, ఆ పంజరాలను 2012 జనవరి 1 నుంచి పూర్తిగా నిషేధించింది. పెట్ట రెక్కలు పూర్తిగా విప్పి ఆడించడానికి ఇంతకు మూడు రెట్లకు పైగా చోటు పట్టడం గమనిస్తే ఆ నిర్ణయానికి కారణం అర్థమవుతుంది. పంజరాలు లేని షెడ్లకు అదే చట్టం పెట్టిన హద్దులు ఇప్పటికీ మంచి ప్రారంభ ప్రమాణంగా పనికివస్తాయి: కోళ్లు వాడుకోగల ప్రతి చదరపు మీటరుకూ తొమ్మిది కోళ్లకు మించకూడదు, ఒక్కో కోడికి 250 చదరపు సెంటీమీటర్ల లిట్టరు ఉండాలి, నేలలో కనీసం మూడో వంతు లిట్టరు పరచి ఉండాలి, పెర్చ్ (కోళ్లు ఎక్కి కూర్చునే దండెం) మీద కోడికి 15 సెంటీమీటర్లు, పొడవు తొట్టి దగ్గర 10 సెంటీమీటర్లు, గుండ్రటి ఫీడరు దగ్గర 4 సెంటీమీటర్లు దక్కాలి, పది కోళ్లకు ఒక నిపుల్ (పొడిస్తే నీళ్లు వదిలే పైపు మొన), ఏడు కోళ్లకు ఒక గూడు ఉండాలి, ఉమ్మడి గూడైతే 120 కోళ్లకు ఒక చదరపు మీటరు చొప్పున ఉండాలి. ఇవి కనీస హద్దులన్న సంగతి మరవకూడదు. వేడి ప్రదేశాల్లో తొమ్మిది కోళ్ల లెక్క ఇరుకే అవుతుంది, ఏడుకు తగ్గించుకోవడం మేలు.

పంజరాలు ఇప్పుడే తీసివేయలేనివారు

అప్పులో ఉన్న షెడ్డును రాత్రికి రాత్రి మార్చలేరు. అలాంటి చోట తక్షణం చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. ప్రతి పంజరంలోనూ ఒక కోడిని తగ్గిస్తే మిగిలినవాటికి చోటూ గాలీ దక్కుతాయి, ఎండాకాలం మరణాలు కూడా తగ్గుతాయి. వంగిన, తెగిన తీగలు మెడలకు, కాళ్లకు చిక్కుకుంటాయి కాబట్టి వాటిని వారం వారం వెతికి సరిచేయాలి. అన్నిటికన్నా కింది అరలోని కోళ్లు మనిషి కంటికి ఆనవు. టార్చి వేసి, నడుం వంచి రోజూ వాటిని చూడాలి. అయితే ఈ మరమ్మతుల మీద పెద్ద మొత్తం ఖర్చు పెట్టడం నా అభిప్రాయంలో వృథా. కోడికి 750 చదరపు సెంటీమీటర్ల చోటు, గూడు, పెర్చ్, గీరుకునే చాప ఉన్న మెరుగైన పంజరాలకు మారే ఆలోచన ఉన్నవారు కూడా, ఆ పెట్టుబడి తీరేలోపు కొనుగోలుదారులు పంజరాలు లేని గుడ్లే అడిగే రోజు రావచ్చని లెక్కలో వేసుకోవాలి. కొత్తగా కట్టే షెడ్డు మాత్రం పంజరాలు లేనిదే కావాలి.

పని పిల్లల దశలో మొదలవుతుంది

పంజరాల్లో పెరిగిన గ్రోవర్ కోళ్లను (ఇంకా గుడ్లకు రాని ఎదిగే పెట్టలను) పదహారు, పదిహేడు వారాల వయసులో తెచ్చి అంతస్తుల షెడ్డులో వదిలితే అవి ఎక్కడం తెలియక, దిగడం తెలియక, నీళ్లు ఏ అంతస్తులో ఉన్నాయో కనుక్కోలేక కొన్ని రోజుల్లోనే చిక్కిపోతాయి. పంజరాలు తీసివేసినా ఫలితం రాలేదని వాపోయే షెడ్లలో చాలావాటి కథ ఇక్కడే చెడుతుంది. కాబట్టి కోళ్లు గుడ్లు పెట్టబోయే షెడ్డు ఎలా ఉంటుందో, పిల్లల షెడ్డు కూడా దాని చిన్న రూపంలా ఉండాలి. మొదటి రోజు నుంచే కాళ్ల కింద లిట్టరు ఉండాలి, ఎందుకంటే నేలను పొడవడం అలవాటు కాని పిల్ల తోటి పిల్ల ఈకను పొడవడం నేర్చుకుంటుంది. నాలుగు వారాలు నిండకముందే తక్కువ ఎత్తులో పెర్చ్‌లు అమర్చాలి. అలా పెరిగిన పెట్టలు పెద్దయ్యాక గూళ్లను త్వరగా కనుక్కుంటాయి, నేల మీద గుడ్లు పెట్టడం తగ్గుతుంది, గుదం దగ్గర పొడుచుకోవడం కూడా తగ్గుతుంది. నిపుల్ రంగు, ఫీడరు రకం, దీపాల కాలపట్టిక రెండు షెడ్లలోనూ ఒకేలా ఉండాలి.

పిల్లలను బయట కొనుక్కునేవారు ఈ షరతులను కొనుగోలు ఒప్పందంలోనే రాయించుకోవాలి. బరువుల పట్టిక కూడా అడగాలి. మందలో కనీసం నూటికి ఎనభై కోళ్ల బరువు సగటుకు పది శాతం అటూ ఇటూగా ఉంటే మంద సమంగా ఎదిగిందని అర్థం. అంతకన్నా తేడాలు ఉన్న మందలో బలహీనమైన కోళ్లు తొట్టి దగ్గరికి రాలేవు, పొడుపులకు కూడా మొదట బలయ్యేవి అవే. మారెక్స్, కొక్కెర తెగులు వంటి వైరస్ రోగాలకు టీకాలు ఏ తేదీన వేశారో, రక్తపారుడుకు ఏ రక్షణ ఇచ్చారో కాగితం మీద తీసుకోవాలి, ఎందుకంటే లిట్టరు మీద తిరిగే కోళ్లు తమ రెట్టలోనే తిరుగుతాయి, పంజరంలో కనిపించని పరాన్నజీవుల బెడద ఇక్కడ తిరిగి వస్తుంది.

లిట్టరు

షెడ్డు మొత్తంలో ఒకే ఒక్క దాన్ని సరిగా ఉంచే ఓపిక ఉన్నవారు లిట్టరును ఎంచుకోవాలని చెబుతాను. వరి ఊక, చెక్కపొట్టు, తరిగిన గడ్డి, ఇసుక ఏదైనా పనికివస్తుంది, కావలసింది అది పొడిగా, గుల్లగా ఉండడం. తేమను చేత్తోనే కొలవవచ్చు: గుప్పెడు లిట్టరు తీసి గట్టిగా నొక్కి వదలాలి. వదలగానే నెమ్మదిగా విడిపోతే సరిగ్గా ఉన్నట్టు, ముద్దగా నిలిచిపోతే తడి ఎక్కువైనట్టు, అసలు ముద్దే కట్టకుండా దుమ్ముగా లేస్తే మరీ ఎండినట్టు. ఈ పరీక్షను ఒక్క చోట చేసి తృప్తిపడకూడదు, నిపుళ్ల కింద, గోడల వార, గాలి వచ్చే కిటికీల కింద, అంతస్తుల అడుగున విడిగా చేయాలి. తడి దాదాపు ఎప్పుడూ నీళ్ల పైపుల దగ్గరే మొదలవుతుంది. నిపుళ్ల ఎత్తు తక్కువగా ఉంటే కోడి తల పక్కకు తిప్పి పొడుస్తుంది, ఆ నీళ్లు కారి కింద పడతాయి. తల ఎత్తి, మెడ కొంచెం చాచి తాగేంత ఎత్తులో పైపు ఉండాలి. కోళ్ల వయసు పెరిగేకొద్దీ ఆ ఎత్తును మార్చుతూ ఉండాలి. ముద్దకట్టిన చోట పొట్టు తీసివేసి కొత్తది వేయాలి, మిగతా చోట్ల వారానికొకసారి తిరగదోయాలి.

తడి లిట్టరు నుంచి అమోనియా లేస్తుంది. కోడి తల ఎత్తులో అది 20 పీపీఎం (గాలిలో పది లక్షల పాళ్లకు 20 పాళ్లు) దాటనివ్వకూడదు. ఇక్కడ మనిషి ముక్కును నమ్మడం ప్రమాదం, రోజూ షెడ్డులో తిరిగేవారికి ఆ ఘాటు అలవాటైపోయి తెలియకుండా పోతుంది. చవక రంగుపట్టీలతోనైనా వారానికొకసారి, అదీ తెల్లవారుజామున కిటికీలు తెరవకముందు, మోకాళ్ల మీద కూర్చుని కోడి ఎత్తులో కొలవాలి. కోళ్లు కళ్లు మూసుకుని, రెక్కలతో కళ్లు రుద్దుకుంటూ కనబడితే కొలిచే అవసరం కూడా లేదు, సమస్య అప్పటికే ముదిరిందన్నమాట. పాదాల అడుగున నల్లటి మచ్చలు, పుండ్లు కూడా తడి లిట్టరు గుర్తులే.

గూళ్లు, నేల గుడ్లు

గూడు చాటుగా, మసక చీకటిగా ఉండాలి, అడుగున మెత్తటి రబ్బరు చాపో కృత్రిమ గడ్డో ఉండాలి. కొన్ని గూళ్లకు అడుగున వట్టి తీగల జాలీ వేసి డబ్బు మిగిల్చామనుకుంటారు, కానీ పెట్టలు వాటిని వదిలి లిట్టరు మూలల్లో పెట్టడానికే ఇష్టపడతాయి. తెల్లవారి దీపాలు వెలగకముందే గూళ్లు తెరవాలి, సాయంత్రం చివరి కోడి బయటికి వచ్చాక మూయాలి. రాత్రి గూట్లో పడుకునే అలవాటు పడిన కోళ్లు దాన్ని రెట్టతో నింపుతాయి. గుడ్లలో అధిక భాగం వెలుతురు వచ్చిన తర్వాతి ఐదారు గంటల్లోనే వస్తాయి. ఆ సమయంలో తొట్టిలో దాణాను నడిపే గొలుసు తిప్పడం, షెడ్డులో మరమ్మతులు చేయడం పెట్టుకుంటే గూట్లో కూర్చున్న పెట్ట మధ్యలో లేచి వచ్చేస్తుంది.

గుడ్లు మొదలైన తొలి వారాల్లో నేల గుడ్లను ఎంత కట్టుదిట్టంగా ఏరితే మిగిలిన సంవత్సరమంతా పని అంత తేలికవుతుంది. ఒక పెట్ట పెట్టిన చోట ఇంకొకటి పెడుతుంది, రెండు రోజుల్లో అది వాడుక గూడవుతుంది. అందుకని ఉదయం అరగంటకొకసారి గోడల వెంట, మూలల్లో తిరిగి గుడ్డు కనబడగానే తీసివేయాలి, గూటికోసం వెతుకుతున్న పెట్టను మెల్లగా ఎత్తి గూట్లో కూర్చోబెట్టాలి, చీకటి మూలల్లో చిన్న దీపం పెట్టాలి. లిట్టరు మరీ మందంగా పోసినా అది గూడులాగే తోస్తుంది, తొలి రోజుల్లో రెండు మూడు సెంటీమీటర్లకు మించకుండా పోసి తర్వాత పెంచుకోవడం మంచిది.

పెర్చ్‌లు, రొమ్ము ఎముక

పంజరాలు లేని పెంపకంలో బయటికి కనబడకుండా బాధించేది రొమ్ము ఎముక విరగడం. పెట్ట ఎత్తు నుంచి దూకి తప్పు దిగినప్పుడు, పెర్చ్ అంచుకు కొట్టుకున్నప్పుడు ఆ ఎముక చిట్లుతుంది, ఒక్కోసారి వంకరగా అతుక్కుంటుంది. గుడ్డు పెంకు కోసం ఒంట్లోని సున్నాన్ని (కాల్షియాన్ని) రోజూ ఖర్చుపెట్టే పెట్టకు ఎముకలు అసలే పెళుసుగా ఉంటాయి. దీన్ని చేత్తో తప్ప కనుక్కోలేము. కోడిని రెండు చేతులతో పట్టుకుని, వేలి కొసతో రొమ్ము ఎముక అంచు మీద మెడ వైపు నుంచి పొట్ట వైపుకు మెల్లగా జరపాలి. అంచు నిటారుగా, నున్నగా ఉంటే ఎముక సరిగా ఉన్నట్టే. వేలికి మెట్టులాగా, బుడిపెలాగా తగిలినా, పక్కకు ఒరిగినట్టు అనిపించినా అక్కడ ఎముక ఇంతకుముందే విరిగిందన్నమాట. మొదటి పది కోళ్లకు అనుమానంగా ఉన్నా, యాభై కోళ్లు చూసేసరికి వేలికి తేడా తెలిసిపోతుంది.

ఎముకలు ఇలా విరగడాన్ని తగ్గించే మార్గాల్లో అంతస్తుకూ అంతస్తుకూ మధ్య ర్యాంపులు (ఏటవాలు దారులు) పెట్టడం అన్నిటికన్నా ఫలితమిచ్చేది. పెర్చ్‌లు నేరుగా ఒకదానిపై ఒకటి ఉండకూడదు, మెట్లలాగా ఉండాలి, ఒక పెర్చ్ నుంచి ఇంకొక దానికి మధ్య ఏటవాలు 45 డిగ్రీలకు మించకూడదు. అడ్డంగా చూస్తే పెర్చ్‌ల మధ్య కనీసం 30 సెంటీమీటర్లు, గోడకు కనీసం 20 సెంటీమీటర్లు ఎడం ఉండాలి. అంచులు పదునుగా ఉండకూడదు. జారే నున్నటి లోహపు గొట్టం కన్నా కాలివేళ్లకు పట్టు దొరికే మెత్తటి పూత ఉన్నది మంచిది. దాణాలో సున్నం సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. ఒక్కో గుడ్డు పెంకులో రెండు గ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది, పెంకు తయారయ్యేది ఎక్కువగా రాత్రి, కోడి ఏమీ తినని వేళ. మెత్తటి సున్నపు పొడి అప్పటికే పేగుల నుంచి వెళ్లిపోయి ఉంటుంది. రెండు నుంచి నాలుగు మిల్లీమీటర్ల సున్నపురాయి పలుకులను లేదా ఆల్చిప్పల ముక్కలను సాయంత్రం మేతలో ఇస్తే అవి కండరపు సంచిలో నిలిచి రాత్రంతా మెల్లగా కరుగుతాయి, ఎముకల నుంచి సున్నం తీసుకోవలసిన అవసరం తగ్గుతుంది.

వెలుతురు, గాలి, ఎండ

వెలుతురు రోజుకు పదహారు గంటలకు మించకూడదు, ఎడతెగని చీకటి కనీసం ఎనిమిది గంటలు ఉండాలి. దీపాలన్నీ ఒక్కసారిగా ఆరిపోతే నేల మీద ఉన్న కోళ్లు ఉన్నచోటే ఉండిపోయి, తెల్లవారేసరికి మూలల్లో ఒకదానిమీదొకటి కుప్పపడతాయి. అరగంట సేపు మసకబారుతూ, కింది దీపాలు ముందు, పై దీపాలు చివర ఆరేలా పెట్టుకుంటే అవి వెలుతురు వెంటే ఎక్కి పెర్చ్‌లకు చేరుతాయి.

కోడికి చెమట గ్రంథులు లేవు. ఒంటి వేడి మామూలుగానే 41 డిగ్రీల దగ్గర ఉంటుంది. షెడ్డులో 30 డిగ్రీలు దాటాక నోరు తెరిచి రొప్పడం మొదలుపెడుతుంది. రొప్పేకొద్దీ రక్తంలోని కార్బన్ డయాక్సైడు పోయి, పెంకుకు కావలసిన రసాయన సమతౌల్యం చెడుతుంది. ఎండాకాలపు పల్చటి పెంకుల వెనక ఉన్నది ఇదే. ఎండ ముదిరే సమయానికి కోడి కడుపు నిండి ఉండకూడదు, అరిగించుకునే వేడి పైవేడికి తోడవుతుంది, కాబట్టి ఆ రోజుల్లో మేతను తెల్లవారుజామున, సాయంత్రం పెట్టాలి. పైపుల్లో ఎండకు కాగిన నీళ్లను కోడి తాగదు; మధ్యాహ్నం పైపు చివర విప్పి వేడి నీళ్లు వదిలేస్తే చల్లటి నీళ్లు వస్తాయి. ట్యాంకుకు, పైపులకు నీడ కల్పించాలి. ఫ్యాన్లు గాలిని కోళ్ల మీదుగా కదిలించాలి, కప్పు కింద తిప్పితే ప్రయోజనం లేదు. కరెంటు పోతే నడిచే జనరేటరును వారానికొకసారి నిజంగా నడిపి చూడాలి.

ఈకలు పీకడం

పంజరాలు లేని మందకు అన్నిటికన్నా పెద్ద పరీక్ష ఇదే. మొదట తోక ఈకల కొసలు చెదరడంతో మొదలై, వీపు బోడవడం, చర్మం చిట్లడం, చివరికి ఒకదాన్నొకటి పొడుచుకు తినడం దాకా వెళ్తుంది. రక్తం కనబడ్డాక ఆపడం చాలా కష్టం. దీన్ని కొట్లాట కింద జమకట్టకూడదు. మేత వెతికే కోరికకు నేల మీద దారి దొరకక అది పక్క కోడి ఈక మీదికి మళ్లడమే ఎక్కువసార్లు జరిగేది. అందువల్లే తడిసి గట్టిపడిన లిట్టరు, దాణాలో ఉప్పు లేదా మాంసకృత్తుల కొరత, ఉన్నపళంగా దాణా మార్చడం, మరీ కాంతివంతమైన దీపాలు, ఎర్ర నల్లుల బెడద ఇవన్నీ పీకుళ్లను రగిలిస్తాయి.

నివారణకు పీచు ఎక్కువగా ఉన్న దాణా, అంటే ఓట్స్ ధాన్యపు పొట్టు, గడ్డి వంటివి కలిపింది, మెత్తటి పిండిగా ఉన్నది మంచిది, ఎందుకంటే దాన్ని తినడానికి కోడికి ఎక్కువ సమయం పడుతుంది. గడ్డి మోపులు వేలాడదీయడం, పొడుచుకునే సున్నపు దిమ్మలు పెట్టడం, లిట్టరులో రోజూ కొద్దిగా గింజలు చల్లడం కోళ్ల ముక్కులకు పని కల్పిస్తాయి. ఇవన్నీ గొడవ మొదలయ్యాక తెచ్చేవి కావు, మొదటి వారం నుంచే ఉండాలి, పాతబడితే మార్చుతూ ఉండాలి. గాయపడిన కోడిని అదే రోజు వేరుచేయాలి.

పొడుచుకుంటాయన్న భయంతోనే ముక్కులు కత్తిరించే ఆచారం నిలిచింది. ముక్కు కొస గోరులాంటిది కాదు, అందులో నరాలు ఉంటాయి, వేడి బ్లేడుతో కోస్తే నొప్పి చాలాకాలం మిగిలిపోవచ్చు. నార్వే, స్వీడన్, ఫిన్లాండ్ ఈ పనిని నిషేధించి పెంపకాన్ని సాగిస్తున్నాయి. కత్తిరింపును ఒక్కసారిగా మానడానికి ధైర్యం చాలనివారు కనీసం వేడి బ్లేడును వదిలి, హేచరీలోనే (పిల్లలను పొదిగించే చోటే) తొలి రోజు ఇన్‌ఫ్రారెడ్ కిరణాల పద్ధతిలో కొస మాత్రమే తగ్గించిన పిల్లలను తీసుకోవాలి. ఆ తర్వాత ఒక మందలో కొంత భాగాన్ని కత్తిరించకుండా పెంచి, పై ఏర్పాట్లన్నీ నిలబెట్టి, ఫలితం చూసుకుని విస్తరించాలి.

ఎర్ర నల్లుల గురించి ఒక మాట. అవి పగలు కోడి మీద కనబడవు, పెర్చ్ అతుకుల్లో, గూళ్ల సందుల్లో దాక్కుని రాత్రి రక్తం తాగుతాయి. పెర్చ్ కింద తెల్ల కాగితం పెట్టి అతుకును తట్టితే ఎర్రటి, బూడిదరంగు చుక్కలు కదులుతూ పడతాయి. గుడ్ల మీద చిన్న రక్తపు మరకలు, పాలిపోయిన తురాయిలు కూడా వాటి గుర్తులే.

ఇక గుడ్లు తగ్గిన మందను తిరిగి గుడ్లకు తేవడానికి రోజుల తరబడి మేత మాన్పించి ఈకలు రాల్చే పద్ధతిని ఏ సంక్షేమ ప్రమాణమూ ఒప్పుకోదు. రెండో దఫా గుడ్లు కావాలనుకుంటే తవుడు ఎక్కువగా ఉన్న తక్కువ శక్తి దాణాతో, నీళ్లు ఒక్క పూట కూడా ఆపకుండా చేయాలి.

బయట తిప్పేవారికి

బయలు ఉన్నంత మాత్రాన కోళ్లు బయటికి వెళ్లవు. అడవికోడి సంతతి కాబట్టి తలమీద నీడ లేని మైదానంలోకి రావడానికి భయపడతాయి. చెట్లో పొదలో నీడపందిళ్లో షెడ్డు తలుపు దగ్గర నుంచే మొదలై దూరం వరకు ఉండాలి. యూరోపియన్ ప్రమాణం హెక్టారుకు 2,500 కోళ్లు అంటుంది, తలుపులు కనీసం 35 సెంటీమీటర్ల ఎత్తు, 40 సెంటీమీటర్ల వెడల్పు ఉండాలంటుంది. నేలను భాగాలుగా చేసి మార్చి మార్చి వాడకపోతే ఏలిక పాములు పెరుగుతాయి. అడవి పక్షులు దాణా, నీళ్ల దగ్గరికి రాకుండా వాటిని షెడ్డు లోపలే పెట్టాలి, బర్డ్ ఫ్లూ హెచ్చరిక వచ్చిన రోజుల్లో మందను లోపలే ఉంచగలిగే ఏర్పాటు ముందే ఉండాలి.

రోజువారీ నడక, నెలవారీ లెక్క

రోజుకు కనీసం రెండుసార్లు షెడ్డు మొత్తం నడవాలి. లోపలికి వెళ్లగానే తలుపు దగ్గర ఒక నిమిషం కదలకుండా నిలబడి శబ్దం వినాలి. తృప్తిగా ఉన్న మంద సన్నటి కబుర్లలాంటి చప్పుడు చేస్తుంది, అరుపులు పెరిగినా, మరీ నిశ్శబ్దంగా ఉన్నా కారణం వెతకాలి. నీళ్ల మీటరు రీడింగు రోజూ ఒకే వేళకు రాయాలి. పెట్ట రోజుకు దాదాపు 110 నుంచి 120 గ్రాముల దాణా తింటుంది, మామూలు వాతావరణంలో దానికి రెండింతలకు దగ్గరగా నీళ్లు తాగుతుంది. నీళ్లు హఠాత్తుగా తగ్గడం గుడ్లు తగ్గడానికి ఒకటి రెండు రోజుల ముందే వచ్చే హెచ్చరిక, ఏ రోగమైనా తొలుత అక్కడే కనబడుతుంది.

నాలుగు వారాలకొకసారి షెడ్డు వేర్వేరు చోట్ల నుంచి, పై అంతస్తుల నుంచి కూడా, యాభై కోళ్లను పట్టుకుని చూడాలి. సులువుగా చేతికి చిక్కినవాటినే చూస్తే లెక్క తప్పుతుంది, ఎందుకంటే చిక్కేవి బలహీనమైనవే. మెడ, వీపు, తోక మూడు చోట్ల ఈకలకు సున్నా నుంచి రెండు వరకు మార్కులు వేయాలి: సున్నా అంటే నిండుగా ఉన్నట్టు, ఒకటి అంటే చెదిరినట్టు, రెండు అంటే చర్మం కనబడుతున్నట్టు. రొమ్ము ఎముక, పాదాల అడుగు, గుదం చుట్టూ శుభ్రత, బరువు కూడా అదే కాగితం మీద రాయాలి. ఈ కాగితాలను వరసగా గోడకు అంటించి ఉంచితే, ఏ వారం నుంచి వీపు ఈకల మార్కు మారిందో, ఆ వారం ఏ దాణా బస్తా మారిందో, ఏ నిపుళ్ల వరుస కారిందో ఎదురెదురుగా కనబడుతుంది. మరణాల పుస్తకంలో సంఖ్యతో పాటు ప్రతి కోడికీ కారణం రాయాలి. బతికే ఆశ లేని కోడిని మూల పెట్టి వదిలేయడం క్రూరత్వం. మెడ విరిచి తక్షణం ప్రాణం తీయడంలో శిక్షణ పొందిన మనిషి ప్రతి పూటా అందుబాటులో ఉండాలి.

పిల్లల కొనుగోలు, ఆఖరి రోజు

సంక్షేమ ప్రమాణం షెడ్డు గేటు దగ్గర మొదలై గేటు దగ్గర ముగిసేది కాదు. గుడ్ల జాతిలో పుట్టే మగ పిల్లలు గుడ్లు పెట్టవు, మాంసానికీ లాభసాటిగా ఎదగవు కాబట్టి హేచరీల్లో వాటిని పుట్టిన రోజే చంపుతారు. జర్మనీ 2022 జనవరి 1 నుంచి దీన్ని నిషేధించింది, గుడ్డులోనే ఆడా మగా కనుక్కునే యంత్రాలు అక్కడ వాడుకలోకి వచ్చాయి. అలాంటి పిల్లలు దొరికే చోట అవే అడిగి తీసుకోవాలి, దొరకని చోట కూడా హేచరీని రాతపూర్వకంగా అడుగుతూ ఉండాలి, ఎందుకంటే గిరాకీ కనబడనిదే ఆ యంత్రాల మీద ఎవరూ పెట్టుబడి పెట్టరు.

మందను పంపించే రోజు కోళ్ల ఎముకలు జీవితంలో అత్యంత పెళుసుగా ఉండే రోజు. ఒక కాలు పట్టుకుని తలకిందులుగా గుత్తులుగా మోస్తే తొడలు, రెక్కలు విరుగుతాయి. మసక వెలుతురులో, తొందరపెట్టకుండా, రెండు కాళ్లూ కలిపి పట్టుకుని మరో చేతిని రొమ్ము కింద ఆనించి ఎత్తాలి, పెట్టెను కోడి దగ్గరికి తేవాలి కానీ కోడిని షెడ్డు చివర దాకా మోయకూడదు. పట్టుకునేవారికి కోడి లెక్కన కాక గంట లెక్కన కూలి ఇవ్వాలి. నీళ్లు చివరి నిమిషం వరకు అందుబాటులో ఉండాలి, ప్రయాణం చల్లటి వేళ పెట్టుకోవాలి, నిలబడలేని కోడిని లారీ ఎక్కించకుండా అక్కడే బాధ లేకుండా చంపాలి. కబేళాకు చేరాక ఎన్ని రెక్కలు విరిగి ఉన్నాయో, ఎన్ని కోళ్లు దారిలో చనిపోయాయో అక్కడి నుంచి లెక్క తెప్పించుకుని, గోడ మీది కాగితాల వరసలో దాన్నీ అంటించాలి.